పాత సరుకు ఓడ కిట్‌తో కొత్త ఓడ కట్టడం ఎలా

పాత సరుకు ఓడ ప్లాస్టిక్ కిట్ ఏదైనా మీ చేతికి వచ్చిందంటే, పెట్టె మీది బొమ్మను పక్కన పెట్టి ముందు హల్‌ను బయటికి తీయండి. హల్ అంటే ఓడ దేహం, ముక్కు నుంచి చుక్కాని దాకా ఉండే కింది భాగమంతా. 1950లు, 60ల నాటి అచ్చుల్లో పోసిన కిట్లలో సాధారణంగా మెచ్చుకోదగ్గది అదొక్కటే. ఆ వంపులను ఇంట్లో చేత్తో తీయడం చాలా కష్టం. మిగతావన్నీ, అంటే వించ్‌లు (తాళ్లు లాగే యంత్రాలు), మాస్టులు (నిలువు స్తంభాలు), నిచ్చెనలు, గాలి గొట్టాలు, మొద్దు ముద్దల్లా వస్తాయి. లంగరు గొలుసునైతే డెక్‌తో, అంటే ఓడ పైతలంతో, కలిపే పోసేస్తారు. అందుకే హల్‌ను ఉంచుకుని మిగతాదంతా మనమే కట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ పనిలో అసలైన ఆనందం అక్కడే ఉంది.

కడపకు సముద్రం దూరం. కానీ ఓడ కట్టడానికి కావలసిన సరంజామా దూరం కాదు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులు, కార్లకు రంగు వేసే షెడ్లు, ప్రొద్దుటూరులో బంగారు పనివారికి పనిముట్లు అమ్మే అంగళ్లు, నల్లని కడప బండ: ఈ నాలుగూ అందుబాటులో ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది. కిట్ మాత్రం బయటి నుంచి రావాలి. హైదరాబాదు, బెంగళూరుల్లోని హాబీ దుకాణాల్లో వెతకండి. కువైట్ నుంచి సెలవుకు వచ్చే బంధువులుంటే ముందే చెప్పి ఉంచండి.

ముందు ఓడకు ఒక పని అప్పగించండి

బ్లేడు పట్టుకునే ముందు ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి: ఈ ఓడ ఏ సరుకు మోస్తుంది? ఏ కాలంలో? ఈ రెండింటికీ జవాబు లేకుండా మొదలుపెడితే ఎక్కడ ఏం మార్చాలో తెలియక ప్రతి వస్తువు దగ్గరా ఆగిపోతారు. జవాబు ఉంటే హ్యాచ్‌ల (సరుకు దించే ద్వారాల) ఆకారం, డెరిక్‌ల (సరుకు ఎత్తే దూలాల) సంఖ్య, రంగు, తుప్పు కూడా వాటంతటవే తేలిపోతాయి.

అసలు ఓడలే ఇలా మారుతూ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 నుంచి 1945 దాకా, అమెరికా లిబర్టీ అనే రకం సరుకు ఓడలు 2,710 కట్టింది. యుద్ధం ముగిశాక వాటి ఫిరంగులు, ఫిరంగి దిమ్మెలు పీకేసి మామూలు సరుకు రవాణాకు తిప్పారు. కొన్నింటిని మధ్యలో కోసి పొడిగించారు కూడా. అదే అమెరికాలో సీ2 రకం సరుకు ఓడగా పుట్టిన ‘గేట్‌వే సిటీ’ని 1957లో 226 కంటైనర్లు పట్టే ఓడగా మార్చారు. కాబట్టి మీ దగ్గరున్నది లిబర్టీ కిట్ అయితే ఫిరంగులు తీసేసి శాంతికాలపు ఓడను చేయవచ్చు. సీ2 కిట్ అయితే తొలి తరం కంటైనర్ ఓడను చేయవచ్చు. విశాఖపట్నంలో సింధియా షిప్‌యార్డులో కట్టగా 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ను చేయాలని ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే ఫలానా ఓడ అని పేరు పెడితే ఆ ఓడ ఫోటోలు నాలుగు వైపుల నుంచీ దొరికాకే మొదలుపెట్టండి. లేదంటే ఊహించిన పేరుతో ఆ కాలపు ఓడను చేసుకోవడమే మర్యాద.

ఈ వ్యాసానికి నేను ఎంచుకున్న పని ఇది: అమెరికాలో యుద్ధకాలంలో పుట్టి, చేతులు మారి, 1970లలో ముగ్గురాయి (బెరైటీస్) మోస్తున్న సీ2 తరహా పాత ఓడ. మంగంపేట ముగ్గురాయి గురించి మన ప్రాంతంలో తెలియనివారు ఉండరు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు బరువు రావడానికి దాన్ని కలుపుతారు. చెన్నై, కృష్ణపట్నం రేవుల మీదుగా అది విదేశాలకు వెళుతుంది. మన మట్టిలోంచి వెళ్లిన రాయి ఏ ఓడ కడుపులో కూర్చుని సముద్రం దాటిందో చేసి చూపించడం నాకు నచ్చిన పని. మీకు మరో సరుకు నచ్చితే అదే పెట్టుకోండి. పద్ధతి మారదు.

కొలత తేల్చుకోవడం

పాత కిట్లలో చాలావాటికి స్థిరమైన స్కేలు ఉండదు. పెట్టెలో పట్టేలా అచ్చు చేసేవారు. పెట్టె మీద అంకె ఉన్నా నమ్మకుండా మీరే లెక్కించండి. సీ2 ఓడ పొడవు 459 అడుగులు, అంటే సుమారు 140 మీటర్లు. మోడల్ హల్ 350 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 1,40,000ను 350తో భాగిస్తే 400. అంటే స్కేలు 1:400. ఇప్పుడు వెడల్పు కూడా సరిచూడండి. అసలు ఓడ వెడల్పు 63 అడుగులు, సుమారు 19.2 మీటర్లు కాబట్టి మోడల్ వెడల్పు 48 మిల్లీమీటర్లు రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోకండి. ఐదారు మిల్లీమీటర్ల తేడా ఉంటే ఆ అచ్చు మరో ఓడదన్న మాట.

1:400లో లెక్క సులువు. మోడల్ మీద ఒక మిల్లీమీటరు అంటే ఓడ మీద 40 సెంటీమీటర్లు. నిలబడిన మనిషి నాలుగుంపావు మిల్లీమీటర్లు. తలుపు ఐదు. రెయిలింగు రెండున్నర. ఒక అంతస్తు ఎత్తు ఆరు. ఈ నాలుగు అంకెలను అట్టముక్క మీద రాసి బల్ల ముందు అంటించుకోండి. కొత్తగా ఏది చేసినా దాని పక్కన నాలుగుంపావు మిల్లీమీటర్ల తీగముక్కను మనిషిగా నిలబెట్టి చూడండి. ఆ మనిషి ఆ తలుపులో దూరగలడా, ఆ నిచ్చెన ఎక్కగలడా అన్నది కంటికే తెలిసిపోతుంది.

ఊళ్లో ఏం దొరుకుతుంది

కిట్ ప్లాస్టిక్ పాలీస్టైరీన్. కొత్త భాగాలు కూడా అదే ప్లాస్టిక్‌తో చేస్తే ద్రావకంతో అతికించినప్పుడు రెండూ కరిగి ఒకటైపోతాయి. పాత సామాన్ల అంగడిలో దొరికే సీడీ పెట్టెలు పాలీస్టైరీనే. గీత గీసి విరిస్తే చక్కగా తెగుతాయి, అయితే పెళుసు కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోండి. తెలియని ప్లాస్టిక్ ముక్కను పరీక్షించడానికి రెండు గ్లాసులు చాలు. మంచినీళ్లలో మునిగి, ఉప్పు బాగా కరిగించిన నీళ్లలో తేలితే అది పాలీస్టైరీన్ అయ్యే అవకాశం ఎక్కువ. మంచినీళ్లలోనే తేలితే పాలీప్రొపిలీన్ లాంటిది, దానికి ఏ జిగురూ సరిగా పట్టదు. ఉప్పునీళ్లలోనూ మునిగితే పీవీసీ కావచ్చు. ఆఖరి పరీక్షగా ఒక చుక్క థిన్నర్ వేసి చూడండి. పాలీస్టైరీన్ అయితే వెంటనే జిడ్డుగా మెత్తబడుతుంది.

నేమ్ బోర్డులు చేసేవారు అక్రిలిక్ షీటును అతికించడానికి వాడే పలుచని ద్రావకం మనకూ పనికొస్తుంది. దాని ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు. మిద్దె మీదో, గాలి బాగా ఆడే వరండాలోనో వాడండి. పిల్లలకు అందనివ్వకండి. సన్నని కుంచెతో అతుకు మీద తాకిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది.

వైండింగ్ షాపులో ఎనామిల్ రాగి తీగను గేజ్‌ల వారీగా అడగండి. 42 గేజ్ తీగ మందం పదో వంతు మిల్లీమీటరు, 40 గేజ్ 0.12, 30 గేజ్ 0.3, 22 గేజ్ 0.7 మిల్లీమీటర్లు. ఓడకు కావలసిన గొట్టాలు, కడ్డీలు, రెయిలింగు అన్నీ వీటిలోనే ఉన్నాయి. వైండింగ్ చేసే అన్నకు విషయం చెబితే తెగిన ముక్కలు ఊరికే ఇచ్చేస్తాడు. తీగను తిన్నగా చేయడానికి ఒక కొసను వైస్‌లో బిగించి రెండో కొసను పట్టకారుతో పట్టుకుని, కొద్దిగా సాగినట్టు చేతికి తెలిసేదాకా లాగండి. వంకరలన్నీ పోయి బిర్రుగా నిలుస్తుంది.

పదకొండో నంబరు సర్జికల్ బ్లేడు, దానికి మూడో నంబరు పిడి మెడికల్ షాపులో దొరుకుతాయి. సన్నని డ్రిల్ బిట్లు, సూది ఆకురాళ్లు, పట్టకార్లు, సన్న రంపపు బ్లేడ్లకు ప్రొద్దుటూరుకు వెళ్లండి. 400 నుంచి 1500 దాకా వాటర్ పేపర్లు, ప్రైమర్ సర్ఫేసర్, పుట్టీ కార్ల రంగుల అంగడిలో ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, పాలిష్ పట్టిన రెండడుగుల కడప బండ ముక్క. వంటింటి గట్టు వేసిన ఇంట్లో ఒకటి మిగిలే ఉంటుంది. అంత సమతలంగా ఉండే పనిబల్లను ఎంత డబ్బు పెట్టినా వేరే కొనలేరు. చేయబోయే సగం పని దాని మీదే.

హల్ సరిచేయడం

భాగాలన్నిటినీ గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి విడదీయడానికి పూసిన జిడ్డు దశాబ్దాలు గడిచినా పోదు, రంగును నిలవనివ్వదు. ఎవరో సగం చేసి రంగు వేసిన కిట్ అయితే బ్రేక్ ఆయిల్‌లో నానబెడితే పాత ఎనామిల్ రంగు వదులుతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. ముందు చట్రం (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కడ్డీలు) ముక్క మీద పరీక్షించి చూడండి.

చాలాకాలం పెట్టెలో ఉన్న హల్ పక్కలు లోపలికో బయటికో వంగిపోయి ఉంటాయి. చేయి పెట్టగానే తీసేసుకునేంత వేడినీళ్లలో నిమిషం ఉంచి, మెల్లగా సరిచేసి, చల్లటి నీళ్లలో ముంచండి. మరిగే నీళ్లు వాడితే ఆకారమే పోతుంది. కడప ఎండాకాలంలో తలుపులు మూసిన కారులో కిట్‌ను వదిలినా అదే ముప్పు. సరిచేసిన పక్కలు మళ్లీ వంగకుండా లోపల రెండు మిల్లీమీటర్ల షీటుతో ఐదారు అడ్డుగోడలు పెట్టండి. ఒక్కో అడ్డుగోడ వెడల్పు అక్కడి డెక్ వెడల్పుకు సరిగ్గా సరిపోవాలి. హ్యాచ్ వచ్చే చోట మాత్రం అడ్డుగోడ పెట్టకండి, అక్కడ హోల్డ్, అంటే సరుకు నింపే గది, రావాలి.

నీటి గీతను ఇప్పుడే గీయాలి. హల్‌ను బండ మీద నిటారుగా నిలబెట్టి, ఒక చెక్కముక్క మీద పెన్సిల్‌ను కావలసిన ఎత్తులో అడ్డంగా కట్టి, ఆ చెక్కను బండ మీద జరుపుతూ ఓడ చుట్టూ తిప్పండి. నిండు సరుకుతో ఇలాంటి ఓడ సుమారు ఎనిమిది మీటర్లు మునుగుతుంది. అది మన మోడల్ మీద 20 మిల్లీమీటర్లు. ఆ గీత కింద ఎర్ర రంగు, పైన నలుపు వస్తాయి.

కొందరు ఆ గీత దగ్గర హల్‌ను కోసేసి ఓడ నీటిలో ఉన్నట్టు చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ హ్యాచ్ తెరిచి లోపలి సరుకు చూపించాలంటే అడుగు కోయకండి. సీ2 హల్ లోతు 40 అడుగులు, మోడల్‌లో 30 మిల్లీమీటర్లు. నీటి గీత దగ్గర కోస్తే మిగిలేది పదే. ఆ లోతులో హోల్డ్ హోల్డ్‌లా ఉండదు, మూకుడులా ఉంటుంది.

ఓడను పొడిగించాలనుకుంటే పక్కలు రెండూ సమాంతరంగా, అడుగు చదునుగా ఉండే నడిమి భాగంలోనే కోయండి. 70 అడుగులు పెంచడానికి 53 మిల్లీమీటర్ల ముక్క కావాలి. కోసిన రెండు సగాలనూ బండ మీద ఒకే వరుసలో నిలిపి, లోపలి నుంచి పొడవాటి పట్టీలు అతికించాకే పైచర్మం వేయండి. సందులకు ఫెవిక్విక్‌లో టాల్కం పౌడర్ కలిపిన ముద్ద చాలా మంచిది. వంట సోడా కలిపితే క్షణంలో గట్టిపడుతుంది గానీ రాయిలా మారి, చుట్టూ ఉన్న మెత్తని ప్లాస్టిక్ ముందు అరిగిపోతుంది. కార్లకు వాడే ఎన్.సి. పుట్టీని పలుచని పొరలుగానే వేయండి. మందంగా వేస్తే కింది ప్లాస్టిక్‌ను తినేస్తుంది.

ఫెవిక్విక్ గురించి ఒక మాట. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది. మే నెల మధ్యాహ్నాల్లో మన గాలిలో తేమ ఉండదు కాబట్టి అతుకు ఆలస్యమవుతుంది. పొద్దున్నే చేయండి, లేదా పక్కన తడిగుడ్డ పెట్టుకోండి.

హ్యాచ్‌లు: ఓడంతా ఇక్కడే ఉంది

సరుకు ఓడను చూసేవారి కళ్లు మొదట డెక్ మీద, అందులోనూ హ్యాచ్‌ల మీద పడతాయి. హ్యాచ్ అంటే హోల్డ్‌లోకి సరుకు దించే ద్వారం. సీ2లో ఐదు హోల్డులు ఉంటాయి. పాత కిట్‌లో ఐదూ ఒకేలా చదునైన దిమ్మెల్లా ఉంటాయి. వాటిని బ్లేడును నిలువుగా పట్టి గీకి, వాటర్ పేపర్‌తో డెక్‌ను సమం చేయండి. లంగరు గొలుసు, తాడు చుట్టలు, అచ్చుతో వచ్చిన నిచ్చెనలు కూడా అలాగే పోవాలి.

నాలుగింటిని మూసి ఉంచి, ఒకదాన్ని తెరవండి. తెరిచే హ్యాచ్‌ను డెక్ మీద గీయండి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు అనుకుంటే 23 మిల్లీమీటర్లకు 15. ఇక్కడ తొందరపడి నాలుగు వైపులా బ్లేడుతో కోయవద్దు. ముందు నాలుగు మూలల్లో ఒక మిల్లీమీటరు బిట్‌తో రంధ్రాలు చేసి, ఆ తర్వాతే రంధ్రం నుంచి రంధ్రానికి కోయండి. మూల పదునుగా ఉంటే డెక్ కాస్త వంగగానే పగులు సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇది మోడల్‌కు మాత్రమే వర్తించే సూత్రం కాదు. లిబర్టీ ఓడలను రివెట్లతో కాకుండా ఎక్కువగా వెల్డింగ్‌తో కట్టారు. చల్లటి సముద్రాల్లో వాటి డెక్‌లు పగిలాయి, కొన్ని రెండుగా విరిగిపోయాయి కూడా. చలికి ఆ ఉక్కు పెళుసుబారుతోందని కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ తేల్చి చెప్పారు. పగుళ్లు చాలాసార్లు మొదలైంది హ్యాచ్‌ల పదునైన చతురస్రపు మూలల దగ్గరే. బలమంతా మూలలో కూడుకుంటుంది, వెల్డింగ్ ఉన్న చోట పగులు ఒక రేకు నుంచి మరో రేకుకు ఆగకుండా పాకుతుంది. తర్వాత మూలలను గుండ్రంగా మార్చారు, డెక్ అంచుల వెంట రివెట్లతో అదనపు పట్టీలు వేశారు. మీ హ్యాచ్ మూల కూడా కొద్దిగా గుండ్రంగా ఉంటే బలానికి బలం, నిజానికి నిజం. లిబర్టీ కిట్ చేస్తున్నవారు హల్ పై అంచున సన్నని పట్టీ ఒకటి అతికించండి, తెలిసినవారు వెంటనే గుర్తుపడతారు.

రంధ్రం చుట్టూ రెండుంపావు మిల్లీమీటర్ల ఎత్తున గట్టు కట్టండి. బయటి వైపు, మూడేసి మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున, సన్నని నిలువు దన్నులు అతికించండి. డెక్ కింద 25 మిల్లీమీటర్ల లోతు పెట్టె చేసి హోల్డ్‌గా వేలాడదీయండి. దాని లోపలి గోడలకు నిలువు పట్టీలు అతికిస్తే ఓడ పక్కటెముకలు కనిపిస్తాయి. పై నుంచి మూడో వంతు లోతులో చుట్టూ సన్నని అరుగు ఒకటి వేయండి. సాధారణ సరుకు ఓడల హోల్డ్‌లో ట్వీన్ డెక్ అనే మధ్య అంతస్తు ఉంటుంది, అది ఇదే.

ఇప్పుడు ముగ్గురాయి. అది నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువైన ఖనిజం. హోల్డ్ నిండా పోస్తే ఓడ మునిగిపోతుంది. అందుకని అడుగున తక్కువ ఎత్తు కుప్పగానే పోస్తారు. ఓడ మోయగలిగిన బరువు ఎప్పుడో నిండిపోతుంది, హోల్డ్‌లో మాత్రం పైన బోలెడంత ఖాళీ కనిపిస్తుంది. మోడల్‌లో కూడా అలాగే చూపించండి. బండలు కోసే చోట దొరికే రాతిపొడిని టీ జల్లెడతో జల్లించి, సన్నని ఇసుకంత ఉన్నదే తీసుకోండి. ఆ రేణువు పావు మిల్లీమీటరు ఉంటే అసలు ఓడలో పది సెంటీమీటర్ల రాయి. అడుగున మట్టిదిబ్బలా చేసిన ఎపాక్సీ ముద్ద మీద పలచన చేసిన ఫెవికాల్ పూసి పొడి చల్లండి. బూడిద రంగులో అక్కడక్కడా తెల్లటి మెరుపు ఉంటే చాలు.

మూసిన హ్యాచ్‌లకు ఆ కాలపు పద్ధతి వేరు. గట్టు మీద అడ్డంగా దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన రెండు మూడు పొరల టార్పాలిన్, చుట్టూ ఇనుప పట్టీలు, వాటిని బిగించే చెక్క మేకులు. మీరు గట్టు లోపల చదునైన పలకను పెట్టి, దాని మీద పలచన ఫెవికాల్‌లో తడిపిన టిష్యూ కాగితం పరచండి. మూలల దగ్గర కవరు మడతలా మడిచి, పలకల సందుల దగ్గర కుంచె కొసతో నొక్కండి. ఆరాక చుట్టూ 40 గేజ్ తీగను పట్టీగా అతికించండి. ఆరే ముందు మధ్యలో కాస్త కుంగినట్టు నొక్కితే అది నిజమైన గుడ్డే.

మాస్టులు, డెరిక్‌లు, వించ్‌లు

మాస్టుకు 18 గేజ్ ఇంజెక్షన్ సూది బాగా నప్పుతుంది. వాడని కొత్తది కొని, ముందుగా కొసను ఆకురాయితో గాటు పెట్టి విరిచి పారేయండి. మందం 1.27 మిల్లీమీటర్లు, అంటే అసలు ఓడలో అరమీటరు స్తంభం. దాని మీద 21 గేజ్ సూది దూర్చితే పై కొస సన్నబడుతుంది.

డెరిక్ అంటే సరుకు ఎత్తే వాలు దూలం. ఇది మధ్యలో లావుగా, రెండు కొసల్లో సన్నగా ఉంటుంది. దీనికి అగరుబత్తి పుల్లను మించినది లేదు. మందు గీకేసి, 40 మిల్లీమీటర్ల ముక్కను చేతి డ్రిల్‌లో బిగించి తిప్పుతూ, మడిచిన వాటర్ పేపర్‌తో పట్టుకోండి. మధ్యలో ఒక మిల్లీమీటరు ఉండేలా చూసుకోండి. పలుచని ఫెవిక్విక్ తాగించి, ఆరాక మళ్లీ రుద్దితే వెదురు పీచు కనిపించదు.

తెరిచిన హ్యాచ్ దగ్గర డెరిక్‌లు పడుకుని ఉండకూడదు, పని చేస్తూ ఉండాలి. రెండు డెరిక్‌లలో ఒకటి హ్యాచ్ మీదికి, రెండోది ఓడ పక్కన రేవు మీదికి వంచి నిలుపుతారు. రెండింటి తాళ్లూ ఒకే కొక్కేనికి కలుస్తాయి. ఒక వించ్ లాగుతుంటే రెండోది వదులుతుంది, దూలాలు కదలకుండానే సరుకు అటు నుంచి ఇటు వస్తుంది. ఈ ఏర్పాటు తెలిస్తే తాళ్లు ఎక్కడ కట్టాలో ఎవరినీ అడగనక్కర లేదు. మూసిన హ్యాచ్‌ల డెరిక్‌లను దించి, ఆనుకునే కొయ్యల మీద పడుకోబెట్టండి.

ఒక్కో హ్యాచ్‌కు రెండు వించ్‌లు కావాలి. రెండు మీటర్ల వించ్ మన మోడల్‌లో ఐదు మిల్లీమీటర్లు. కిట్ చట్రాన్ని దీపం మీద మెత్తబరచి ఒకటిన్నర మిల్లీమీటర్ల కడ్డీగా లాగండి. అందులోంచి మూడు మిల్లీమీటర్ల ముక్క డ్రమ్ము. పలుచని షీటులోంచి పంచ్‌తో తీసిన రెండు బిళ్లలు దాని పక్కలు. వాటి బయట ఒక్కో పొట్టి కడ్డీ తాడు చుట్టే కొస. వెనక చిన్న దిమ్మె దాన్ని తిప్పే యంత్రం. డ్రమ్ము మీద 42 గేజ్ తీగను దగ్గర దగ్గరగా పది చుట్లు చుట్టండి. ఆ చుట్ల మీద తర్వాత నల్లటి పలుచని రంగు పారితే, ముద్దలా ఉన్న కిట్ వించ్ ఎందుకు పారేశామో అర్థమవుతుంది.

మేడ, కిటికీలు, రెయిలింగు

మధ్యలో ఉండే ఎత్తైన కట్టడాన్ని కిట్ గోడల మీదే మెరుగుపరచవచ్చు. గుండ్రటి కిటికీలను 0.7 బిట్‌తో తొలవండి. ముందుగా టేపు పట్టీ అంటించి, దాని అంచు వెంట సూదితో గుర్తులు పెట్టుకుంటే వరుస తప్పదు. గాలి గొట్టాల మూతులు కిట్‌లో పూడుకుపోయి ఉంటాయి, డ్రిల్‌తో బోలు చేయండి. ఇంజను గది పైనుండే జల్లీకి టీ జల్లెడ ముక్క సరిపోతుంది. లంగరు గొలుసుకు 38 గేజ్ తీగలు రెండు మెలిపెట్టి, బండ మీద సుత్తితో తేలిగ్గా చదును చేయండి. ఓడను నడిపే గది ఉండే బ్రిడ్జి డెక్‌కు చెక్క గీతలు గీయవచ్చు గానీ ప్రధాన డెక్ ఉక్కు, దాని మీద పలకల గీతలు వద్దు.

రెయిలింగు విషయంలో నా సలహా, డబ్బు పెట్టగలిగితే రసాయనంతో కోసిన సన్నని ఇత్తడి రెయిలింగు సెట్లు తెప్పించుకోవడం. సొంతంగా చేయాలంటే గ్రాఫు కాగితం మీద రెండు వైపులా అంటుకునే టేపు వేసి, 42 గేజ్ తీగలు మూడు పొడవునా పరిచి, నాలుగేసి మిల్లీమీటర్లకు 40 గేజ్ నిలువులు అతికించండి. ఓపిక కావాలి. కిట్‌లోని లావు రెయిలింగును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి, మిగతా పనంతా దాని కింద కొట్టుకుపోతుంది.

రంగు

ముందు బూడిద రంగు సర్ఫేసర్ పలుచగా కొట్టండి, లోపాలన్నీ బయటపడతాయి. ఎర్రటి ఎండలో స్ప్రే చేస్తే రంగు గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. వానాకాలపు తేమలో లాకర్ రంగు తెల్లగా పాలిపోతుంది. పొద్దున ఎండెక్కక ముందు, ఫ్యాను ఆపి వేయండి. అక్రిలిక్ రంగులు పలచన చేయడానికి బోరు నీళ్లు వద్దు, శుద్ధి చేసిన నీళ్లే వాడండి.

హల్ పైభాగానికి అచ్చమైన నలుపు వద్దు. చిన్న మోడల్ మీద అది బొమ్మలా కనిపిస్తుంది. ముదురు బూడిదే నలుపుగా తోస్తుంది. అడుగుకు ఇటుక ఎరుపు, డెక్‌కు రెడ్ ఆక్సైడ్ ఛాయ, మాస్టులకు, డెరిక్‌లకు మట్టిపసుపు, మేడకు మురికి తెలుపు. ఓడ పక్కన మధ్యలో, సరుకుతో ఎంతవరకు మునగవచ్చో తెలిపే గుండ్రటి సరుకు గుర్తు మరచిపోకండి. బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్‌సోల్ పోరాటం వల్ల 1876 చట్టంతో తప్పనిసరైన గుర్తు అది. 300 మిల్లీమీటర్ల ఆ వలయం మన మోడల్‌లో మిల్లీమీటరు కూడా ఉండదు. సూది కొసతో ఒక తెల్లటి చుక్క, దాని మీదుగా ఒక గీత చాలు.

కిట్‌లోని స్టిక్కర్లు పసుపుబారితే ప్లాస్టిక్ సంచిలో మూసి, ఎండ పడే కిటికీ అద్దానికి అంటించండి. మన ఎండకు కొద్ది రోజుల్లో తెల్లబడతాయి. నీళ్లలో వేసే ముందు పైన ఒక పొర క్లియర్ వార్నిష్ కొట్టకపోతే ముక్కలైపోతాయి. భారతీయ ఓడగా చూపిస్తే వెనక కొయ్యకు ఎర్రని గుడ్డ మీద మూలన త్రివర్ణం ఉన్న వాణిజ్య నౌకల జెండా పెట్టండి.

తుప్పు వేయడంలో నిగ్రహం అవసరం. లంగరు రంధ్రం కింద, నీళ్లు కారే రంధ్రాల కింద, వించ్‌ల చుట్టూ సన్నని చారలు. తెరిచిన హ్యాచ్ చుట్టూ డెక్ మీద రాతి ధూళి. అంతే.

తాళ్లు

అన్నిటికన్నా ఆఖరున తాళ్లు కట్టండి, మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి రండి. కిట్ చట్రాన్ని కొవ్వొత్తి సెగ మీద తిప్పుతూ మెత్తబడగానే బయటికి తీసి రెండు చేతులతో సాగదీస్తే వెంట్రుకంత దారం వస్తుంది. నిదానంగా లాగితే లావు, వేగంగా లాగితే సన్నం. ఒక్కో డెరిక్‌కు పైకి పట్టి ఉంచే తాడు, కొక్కెం తాడు, పక్కలకు బిగించే రెండు తాళ్లు కావాలి. అతికించాక వేలాడుతూ ఉంటే, వెలిగించిన అగరుబత్తి నిప్పును తాకకుండా దగ్గరికి తీసుకెళ్లండి. తాడు మీ కళ్ల ముందే బిగుసుకుంటుంది. మరీ దగ్గరికి తెస్తే తెగిపోతుంది కాబట్టి ముందు పాత చట్రం మీద చేయి అలవాటు చేసుకోండి.

పీఠం, పెట్టె

పీఠానికి పాలిష్ చేసిన కడప బండ సన్నని పలకనే వాడండి. నల్లని రాయి మీద ఎర్రని అడుగు బాగా కనిపిస్తుంది, బరువుగా ఉంటుంది కాబట్టి చేయి తగిలినా ఓడ పడిపోదు. రెండు ఇత్తడి బోల్టులను హల్ అడుగులో పాతిన నట్లలోకి బిగించాలి. ఆ నట్లను డెక్ మూయకముందే ఎపాక్సీతో పెట్టుకోవాలని గుర్తుంచుకోండి, తర్వాత చేయి దూరదు. మన ఊరి దుమ్ముకు తాళ్లు ఒక్క వేసవిలో బూడిదపట్టిపోతాయి, అప్పుడు తుడవడం అసాధ్యం. అక్వేరియం చేసేవారి దగ్గర అద్దాల పెట్టె చేయించి మూసేయండి. కొలత ఇచ్చేటప్పుడు మాస్టు పైన, రెండు కొసల్లో మూడేసి సెంటీమీటర్లు వదలండి. రేవు వైపు వంచిన డెరిక్ ఓడ పక్క దాటి బయటికి వస్తుంది కాబట్టి వెడల్పును హల్ నుంచి కాకుండా దాని కొస నుంచి లెక్కించండి.